పక్కింటి సున్నా

ఈ ఏడు కార్డులో మార్కుల్లేవు.
ర్యాంకు గడిని ఖాళీగా కూడా ఉంచలేదు,
గడినే ఎత్తేశారు.
ఒక్కో పిల్లకి ముప్ఫై నాలుగు వాక్యాలు,
ప్రతి వాక్యం పక్కన నాలుగు మాటలు:
మొదలుకాలేదు, మొదలైంది, దారిలో ఉంది, వచ్చేసింది.
మా మూడో తరగతిలో నలభై ఒక్క మంది.
శనివారం రాత్రి చిలకలగూడలో కరెంటు పోయేలోగా
పదమూడు వందల తొంభై నాలుగు టిక్కులు పెట్టాలి నేను.

ఇన్నేళ్లూ అరవై ఎనిమిది అని రాసి
పిల్లని అందులో వేసి మూత పెట్టేదాన్ని.
ఇప్పుడు ఒక్కో వాక్యం చెయ్యి పట్టుకుని ఆపుతోంది.
"విన్న కథను సొంత మాటల్లో చెప్పగలడా?"
ముజమ్మిల్ తెలుగులో మొదలుపెట్టి
ఉర్దూలో అందరినీ నవ్వించి
మళ్లీ తెలుగులోకొచ్చి నక్కను చంపేస్తాడు.
దీనికి గడి ఏది?
"తన వంతు వచ్చేదాకా ఆగగలదా?"
నీళ్ల ట్యాంకరు దగ్గర గంటసేపు బిందెతో నిలబడి
ప్రార్థన అయిపోయాక బడికొచ్చే పిల్ల.
వచ్చేసింది.
పెన్ను కొంచెం గట్టిగానే నొక్కాను.

సోమవారం తల్లిదండ్రులొచ్చారు.
"ఎంతొచ్చింది మేడం?"
ఎల్లేశం. మోండా మార్కెట్ల ఉల్లిగడ్డ బస్తాలు దించుతాడు.
కార్డును ముందూ వెనకా తిప్పాడు
బస్తా మీద తూకం చీటీ వెతికినట్టు.
"నూటికెంతనో చెప్పున్రి. గిదంత సదువుకుంట కూసుంటె
లోడు పోతది."

చెప్పాను.
జ్యోత్స్నకి తన పేరు రాయడం వచ్చేసింది,
మూడు ఒత్తులతో సహా. నేనే ఒక్కోసారి తడబడతాను.
కూడికలు వచ్చేశాయి.
తీసివేతలో అప్పు తెచ్చుకోవడం మాత్రం
ఇంకా దారిలో ఉంది.

"అప్పా?" అన్నాడు.
అప్పుడు కూర్చున్నాడు కుర్చీలో.

ఐదు వందల రెండులోంచి నూట ముప్ఫై ఏడు.
రెండులోంచి ఏడు పోదు,
పక్కింటికెళ్తే అక్కడ సున్నా.
పిల్ల అక్కడే ఆగిపోతోంది,
తాళం వేసిన గుమ్మం ముందు నిలబడ్డట్టు.
రెండు వారాలుగా బోర్డు మీద నాలుగు రంగుల్లో చెప్పాను.

అతను నవ్వలేదు.
బిడ్డను దగ్గరికి తీసుకుని
నా బల్ల మీద సుద్దపొడిలో వేలితో గీశాడు.
"పక్కింట్ల లేకపోతె ఊకుంటమా బిడ్డా?
ఆ అవతలింటికి పోతం. ఆయన వంద నోటిస్తడు.
అది సీదా మనింటికి తేవద్దు.
ముందుగాల నడిమింటామె చేతిల పెట్టాలె.
ఆమె చిల్లర జేసి
తొమ్మిది పదులు తన తాన ఉంచుకొని
ఒక్క పది మనకిస్తది.
ఆమెను దాటి పోతె కోపమొస్తది గద."

జ్యోత్స్న పెదాలు కదిలిస్తూ చేసింది.
మూడు వందల అరవై ఐదు.
తర్వాత తలెత్తి అడిగింది:
"ఏం లేనామె దగ్గర తొమ్మిది మిగుల్తయా నాన్నా?"
"మిగుల్తయి," అన్నాడు.
కాస్త ఆగి, "లెక్కల."

దారిలో మీది టిక్కును నేను కొట్టేయలేదు.
ఒక్క లెక్కతో వచ్చేసిందనొద్దని
శిక్షణలో చెప్పారు.
రేపొకటి ఇస్తాను, శుక్రవారం ఇంకొకటి.
నడిమింటామె సంగతి మాత్రం
పద్నాలుగేళ్లలో నేనెప్పుడూ చెప్పలేదు.
సున్నాను కొట్టేసి పైన తొమ్మిది వేసేదాన్ని,
ఎందుకని ఎవరూ అడగలేదు.

"అయినా మేడం, అందరికన్న ముందున్నదా, ఎనకనా?"
దారిలో ఉందన్నాను.
"దారిల అందరుంటరు," అని
పెన్ను తీసుకున్నాడు సంతకానికి.

మెల్లగా రాశాడు,
బరువు దించేటప్పుడు మెడ పక్కకి వంచినట్టే వంచి.
ల కింద ఒత్తు మరిచిపోయాడు.
జ్యోత్స్న ఏమీ అనకుండా
అక్కడ వేలు పెట్టింది.

వెనక వరసలో ముజమ్మిల్ వాళ్లమ్మ
అప్పటికే లేచి నిలబడింది.